తండ్రిని వదిలేసి బిడ్డ వేలు పొడిచే సర్వే

"నాకూ ఓసారి చూద్దురూ సార్" అన్నాడతను.

ఉదయం పదకొండు దాటింది. గోదావరి డెల్టాలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. వరండాలో బెంచీ మీద ప్లాస్టిక్ ట్రేలు పరుచుకుని కూర్చున్నాను. ఆరేడేళ్ళ పిల్లలు వరసలో నిలబడ్డారు. అతని కూతురి వేలికి నేను సూది గుచ్చుతుంటే ఆ పిల్ల తండ్రి నడుం చుట్టూ చేతులేసి గట్టిగా కళ్ళు మూసుకుంది. చేపల చెరువు కాపలా అతని పని. రాత్రిళ్ళు గట్టు మీదే పడక, దోమతెర మాటే లేదు. "పెద్దవాళ్ళకు లేదయ్యా, పిల్లలకే" అన్నాను. నా చేతికిచ్చిన కాగితంలో అలాగే ఉంది. పది నిమిషాలకు పిల్ల స్ట్రిప్ మీద ఒక్క గీతే వచ్చింది. నెగెటివ్. ఇద్దరూ వెళ్ళిపోయారు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా బోదకాలు స్లయిడ్లు చూసిన ల్యాబ్ టెక్నీషియన్ని. ఆ రోజు వదిలేసిందెవర్నో నాకు తెలుసు. తెలిసీ కాగితం మాట విన్నాను. ఇప్పటికీ దేశంలో వేల బళ్ళ వరండాల్లో ఆ కాగితం మాటే చెల్లుతోంది కాబట్టి, రిటైరయ్యాక కూడా నోరు మూసుకుని కూర్చోలేక రాస్తున్నాను.

బోదకాలు అంటే లావెక్కిన కాలే గుర్తొస్తుంది మనకు. ఆ కాలు జబ్బు చివరి మాట. మొదటి మాట ఎవరికీ వినపడదు. క్యూలెక్స్ దోమ, అంటే మురుగ్గుంటలో, సెప్టిక్ ట్యాంకులో, కొబ్బరి పీచు నానేసిన గుంటలో పుట్టే మన ఇంటి దోమ, వందలసార్లు కుట్టాక ఎప్పటికో పిల్ల పురుగులు ఒంట్లో చేరి శోషరస నాళాల్లో కాపురం పెడతాయి. ఒక్కో పెద్ద పురుగు ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. ఆ కాలమంతా లక్షలాది సూక్ష్మ పురుగుల్ని రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అవి పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి పదింటి నుంచి రెండింటి మధ్య వేళ్ళ కొసలకు వస్తాయి, దోమ వచ్చే వేళకు. మనిషి మాత్రం దుక్కలా ఉంటాడు. పొలం వెళతాడు, బరువులెత్తుతాడు. ఎప్పుడో గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం వస్తే నాలుగు రోజులు పడుకుని లేస్తాడు. అందుకే కాళ్ళు చూసి జబ్బును లెక్కపెట్టలేం. రక్తమే చూడాలి. ఎవరి రక్తం, ఏ వేళ, దేనితో చూడాలన్నదే నా గొడవంతా.

నా ఉద్యోగం మొదలైనప్పుడు ఉన్నది ఒక్కటే పరీక్ష. రాత్రి పది తర్వాత టార్చిలైటు పట్టుకుని గడప గడపకూ వెళ్ళి, నిద్ర లేపి, తిట్లు తిని, వేలి నుంచి 20 మైక్రోలీటర్ల రక్తం స్లయిడు మీద పరిచి, మర్నాడు నీళ్ళలో ఎరుపు కడిగి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టడం. బతికున్న పురుగైతే రంగు కూడా అక్కర్లేదు, తడి చుక్కలోనే పాకుతూ ఎర్రకణాల్ని తోసుకుంటూ కనబడుతుంది. ఆ దృశ్యం ఒక్కసారి చూసినవాడు దాన్ని "ఇండికేటర్" అని పిలవలేడు. స్లయిడు అబద్ధం చెప్పదు. పురుగు కనబడితే ఉన్నట్టే, ఆ మనిషి నుంచి ఈ రాత్రే దోమకు అందుతున్నట్టే. కానీ స్లయిడు నిజమంతా చెప్పదు. 20 మైక్రోలీటర్లంటే మిల్లీలీటరులో యాభయ్యో వంతు. ఒక మనిషి మిల్లీలీటరు రక్తంలో ముప్ఫై పురుగులే ఉన్నాయనుకోండి, నా స్లయిడు మీదికి సగటున ఒక్కటి కూడా రాదు. జబ్బు పలచబడే కొద్దీ స్లయిడు గుడ్డిదవుతుంది. జబ్బు పలచబడ్డాకే మనకు చూపు ఎక్కువ కావాలి.

అందుకే కార్డు వచ్చినప్పుడు సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. 1990ల చివర్లో వచ్చిన ఐసీటీ కార్డు పెద్ద పురుగు రక్తంలోకి వదిలే యాంటీజెన్‌ను పట్టుకుంటుంది. పగలైనా రాత్రైనా ఒకటే. అర్ధరాత్రి కుక్కల మధ్య తిరగక్కర్లేదు. 100 మైక్రోలీటర్ల రక్తం, పది నిమిషాలు, గీత. అయితే ఎండకు ఓర్వదు, ఫ్రిజ్జులో లేకపోతే తొందరగా పాడవుతుంది, ఖరీదు ఎక్కువ. దాని స్థానంలో ఫైలేరియాసిస్ టెస్ట్ స్ట్రిప్ వచ్చింది. లోపల పట్టుకునే యాంటీబాడీ పాతదే. రక్తం 75 మైక్రోలీటర్లు చాలు, వేడికి ఓర్చుకుంటుంది, ధర తక్కువ. 2013లో అచ్చయిన లైబీరియా పరిశీలనలో ఒకే మనుషుల మీద రెండూ పెట్టి చూస్తే, కార్డు కంటే స్ట్రిప్ పాతిక శాతానికి పైగా ఎక్కువ మందిని పట్టుకుంది.

ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగమని ఆరోగ్య శాఖలో గ్రాఫులు గీసే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. అవే వేళ్ళు, అదే రక్తం, అదే రోజు. అయినా కార్డు వదిలేసినవాళ్ళను స్ట్రిప్ పట్టుకుంది. అన్నిచోట్లా ఇంత తేడా రాలేదు, అది ఒప్పుకుంటాను. కానీ అసలు మన దగ్గర ఎంత తేడా? ఊరంతటికీ ఇచ్చే బోదకాలు మాత్రలు ఆపొచ్చా అని తేల్చే సర్వేలో ఏ జిల్లా ఏ పరీక్షతో పాసైందో ఏ పత్రికా ప్రకటనలోనైనా చూశారా? 2010 తర్వాత తొలి సర్వేలు కార్డుతో, ఆ తర్వాతివి స్ట్రిప్‌తో. మధ్యలో తక్కెడ మారింది. తక్కెడ మారిందన్న మాట చెప్పకుండా బరువుల్ని మాత్రం ఒకే గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి కలిపి, జబ్బు తగ్గింది చూడండి అంటున్నారు. కిరాణా కొట్టువాడు ఈ పని చేస్తే తూనికలు, కొలతల వాళ్ళు వచ్చి కేసు రాస్తారు. కార్డు రోజుల్లో అంచు మీద గట్టెక్కిన ప్రాంతం స్ట్రిప్‌తో అయితే గట్టెక్కేదా? నాకు కావలసింది ఈ ఒక్క ప్రశ్నకు జిల్లావారీగా జవాబు.

ఇప్పుడు కొరియా కంపెనీది మరో పరీక్ష వచ్చింది, స్టాండర్డ్ క్యూ. 20 మైక్రోలీటర్లు చాలు. పిల్లల వేళ్ళు పిండిన చేతులతో చెబుతున్నాను, అది పెద్ద మేలు. అది మన సర్వేల్లోకి రావాలి. కానీ వచ్చేముందు మన మనుషుల మీద, మన ఊళ్ళలో, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, పాజిటివ్ వచ్చినవాళ్ళ రాత్రి రక్తం కూడా తీసి పోల్చి, ఆ అంకెలు జనానికి చూపించాలి. చీకట్లో మరోసారి తక్కెడ మార్చడానికి వీల్లేదు.

పరీక్ష పెట్టెలో ఉన్నప్పుడు ఒకటి, వరండాలో ఒకటి. పెట్టె మీద అచ్చేసిన సున్నితత్వం శాతాలు ప్రయోగశాలలోవి. మాకు దొరికేవి కదిలే పిల్లలు, ఎగిరే ట్రేలు. సన్నని గొట్టంలోకి రక్తం గీత దాకా ఎక్కాలి. ఆరేళ్ళ పిల్ల వేలు సగంలో ఆగిపోతుంది. పిండితే రక్తంలో నీరు కలుస్తుంది. గీత దాకా రాకుండానే స్ట్రిప్ మీద వదిలేస్తే ప్రవాహం మధ్యలో ఆగుతుంది, కంట్రోల్ గీత రాదు, మళ్ళీ సూది. తరగతిలో నలభై మంది ఉంటే, మొదటి పిల్ల స్ట్రిప్ చదవాల్సిన పదో నిమిషానికి నేను పదిహేనో పిల్ల వేలు పట్టుకుని ఉంటాను. ఆలస్యంగా చదివితే లేని గీత కూడా పుట్టుకొస్తుంది. గడియారం పట్టుకునే మనిషి ఒకరు విడిగా ఉండాలని శిక్షణలో చెబుతారు. ఆ మనిషిని ఎప్పుడూ ఇవ్వరు.

ఒక మధ్యాహ్నం, ఇంకో ఊళ్ళో, ఒక స్ట్రిప్ మీద వచ్చిన గీత నాకిప్పటికీ కళ్ళ ముందుంది. కంట్రోల్ గీత చిక్కటి గులాబీ రంగు. దాని పక్కన, కాగితాన్ని వెలుగుకు వంచితే తప్ప కనబడని పలచని గీత. మంచు పట్టిన అద్దం మీద వేలితో రాసి తుడిచేసినట్టుంది. పదో నిమిషంలోనే చూశాను. నియమం ప్రకారం ఎంత పలచనైనా గీత గీతే, పాజిటివే. పర్యవేక్షణకు వచ్చినాయన కళ్ళద్దాలు తీసి చూసి, "అది గీత కాదులేవయ్యా, నీడ. నెగెటివ్ రాయి" అన్నాడు. నేను పాజిటివ్ అని రాసి, రెండో స్ట్రిప్ అడిగాను. లేదన్నాడు. తర్వాత ఆ ఫారం ఎవరి చేతుల్లో ఏమైందో నాకు చెప్పలేదు. ఆయన పేరు రాయను. చెడ్డవాడు కాదు. పాస్ కావాలని పైనుంచి వచ్చిన ఒత్తిడి ఆయన కళ్ళలో కూర్చుంది, అంతే. ఒక గులాబీ నీడ మీద జిల్లా పరువు వేలాడేట్టు పెట్టిన పద్ధతి మీదే నా కోపం.

ఆ పద్ధతి ఏమిటో లెక్కలతో చెబుతాను. దాన్ని ట్రాన్స్‌మిషన్ అసెస్‌మెంట్ సర్వే అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో రూపు కట్టింది. కనీసం ఐదేళ్ళు ఊరంతటికీ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చి, జనంలో 65 శాతం మందికి అందాక, మాత్రలు ఆపొచ్చా లేదా తేల్చే పరీక్ష ఇది. ఆరేడేళ్ళ పిల్లల్నే చూస్తారు. కారణం లేకపోలేదు. మాత్రలు మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో పురుగు లేకపోతే కొత్తగా అంటుకోవడం ఆగినట్టే కదా అన్న ఆలోచన. క్యూలెక్స్ ప్రాంతాల్లో రెండు శాతం లోపు ఉండాలి. సర్వే చేసే ఒక్కో ప్రాంతంలో, అంటే యూనిట్‌లో, జనాభా 20 లక్షల దాకా ఉండొచ్చు. అందులోంచి ఎంచిన బళ్ళలో దాదాపు 1,500 నుంచి 1,700 మంది పిల్లల్ని చూస్తారు. 1,692 మందిని చూస్తే 20 మంది దాకా పాజిటివ్ వచ్చినా పాసే.

ఆ 20 మందీ ఒకే పేటలో, ఒకే మురుగు కాలువ పక్కన ఉన్నా పాసే. సగటు రెండు శాతం దాటలేదు గనక ఆ పేటతో సహా 20 లక్షల మందికీ మాత్రలు ఆపేస్తారు. దోమకు సగటు తెలియదు. అది ఆ కాలువ మీద పుట్టి, ఆ వీధిలోనే కుట్టి, ఆ వీధిలోనే చస్తుంది. జబ్బు పేటల్లో, చెరువు గట్ల మీద, నాలుగిళ్ళ గుంపుల్లో బతుకుతుంటే, మనం రెవిన్యూ జిల్లా అంత వల వేసి, కళ్ళు ఇంతింత పెద్దవి పెట్టి, చేప పడలేదు కాబట్టి చెరువులో చేపే లేదని సంతకం చేస్తున్నాం.

ఇక పిల్లలు. మన దోమ బోదకాలును మోయడంలో చురుకైనది కాదు. ఎన్నో ఏళ్ళు, ఎన్నో కాట్లు కావాలి. జబ్బు వయసుతోపాటు పేరుకుంటుంది. పురుగు మిగిలి ఉండేది ముప్ఫై, నలభై, యాభై ఏళ్ళ వాళ్ళలో, మగవాళ్ళలో ఎక్కువ, ఆశా కార్యకర్త తలుపు తట్టినప్పుడు పొలంలోనో పడవ మీదో ఉండి ఏ ఒక్క ఏడూ మాత్ర మింగని వాళ్ళలో. ఈ జబ్బుతోనే వరిబీజం వచ్చి, నలుగురికీ చెప్పుకోలేక పంచె బిగించి కట్టుకుని తిరిగేవాడి ఇంటి చుట్టూ. వాళ్ళ నుంచి పిల్లలకు చేరి, అది పెద్ద పురుగై, స్ట్రిప్ మీద గీతగా కనబడేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. పొగ పక్కింట్లో కనిపించేదాకా మన ఇంట్లో నిప్పు లేదనుకున్నట్టే ఇది.

ఇది నా ఊహ అనుకునేవాళ్ళు అమెరికన్ సమోవా కథ చదవాలి. పసిఫిక్‌లో చిన్న దీవులవి, దోమ వేరు, పాసయ్యే హద్దు ఒక శాతం దగ్గరే. 2000 నుంచి 2006 దాకా మాత్రలిచ్చారు. 2011లో సర్వే పాసయ్యారు. 2015లోనూ పాసయ్యారు. 2016లో ఫెయిలయ్యారు. ఆ 2016లోనే బడిపిల్లల్లో 0.7 శాతం తేలితే, ఊళ్ళో ఎనిమిదేళ్ళు, ఆపైన వయసువాళ్ళలో 6.2 శాతం తేలింది. ఒకే ఏడాది, ఒకే దీవులు, ఒకే జబ్బు. ఎవరి వేలు పొడిచారన్న దాన్నిబట్టి తొమ్మిది రెట్ల తేడా. శ్రీలంక మనకింకా దగ్గర, దోమ కూడా మనదే. మాత్రలు 2006లో ఆపారు. ఆరేళ్ళ తర్వాత చేసిన పరిశీలన 2014లో వచ్చింది. గాలె తీరంలో బడిపిల్లల సర్వే గట్టెక్కిన చోటే దోమల్ని పట్టి నలిపి చూస్తే పురుగు డీఎన్ఏ దొరికింది. ఆ దేశం ఆ నిజాన్ని దాచలేదు, వెతకడం మానలేదు. 2016లో దానికి నిర్మూలన గుర్తింపు వచ్చింది. దాచకుండా వెతికితే వచ్చే గౌరవం అది.

మన దగ్గర? 2002 జాతీయ ఆరోగ్య విధానం 2015కల్లా బోదకాలు పోతుందంది. 2017 విధానం 2017కల్లా అంది. ఇప్పుడు గడువు 2027. ప్రపంచంలోని బోదకాలు భారంలో నూటికి నలభై పాళ్ళు మోసే దేశం మనది. గడువు తరుముతుంటే చూపు మందగించే పరీక్ష వైపే చేయి పోతుంది. ఆ ప్రలోభాన్ని పేరు పెట్టి పిలవాల్సిన పని విలేకరులది, శాసనసభ్యులది, వైద్య కళాశాలల్లో కమ్యూనిటీ మెడిసిన్ చెప్పే ఆచార్యులది. ఎవరూ పలకరు. తెలంగాణ 2018లో బోదకాలు బాధితులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టింది. మంచి పని, చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ పింఛను పుచ్చుకునే కాలు ఇరవై ఏళ్ళ క్రితం అంటుకున్నది. ఈ రాత్రి అంటుకుంటున్నదాన్ని ఎవరు చూస్తున్నారు?

స్ట్రిప్ మీద కూడా నాకు గుడ్డి నమ్మకం లేదు. మందుకు పెద్ద పురుగు చచ్చాక కూడా యాంటీజెన్ నెలలు, ఏళ్ళు రక్తంలో తిరుగుతుంది. అంటే గీత వచ్చిన ప్రతివాడూ జబ్బు పంచుతున్నట్టు కాదు. కేరళ చేర్తల వైపు ఉండే మలయన్ రకం పురుగును ఈ స్ట్రిప్ అసలు పట్టదు, దానికి వేరే యాంటీబాడీ పరీక్ష కావాలి. అందుకే ఏ ఒక్క పరీక్షనూ దేవుణ్ణి చెయ్యొద్దంటున్నాను. స్ట్రిప్‌తో పగలు జల్లెడ పట్టాలి. గీత వచ్చినవాడి ఇంటికి రాత్రి వెళ్ళి స్లయిడు తీయాలి. ఐవర్‌మెక్టిన్ కలిపి మూడు మందులిచ్చిన చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది దాదాపు ఇదే, ఇరవై ఏళ్ళు నిండినవాళ్ళను చూడమనే. మరి రెండు మందులతో ఎప్పుడో పాసై మాత్రలు ఆపేసిన మన ఊళ్ళలో పెద్దవాళ్ళేం పాపం చేశారు? వాళ్ళ వేళ్ళకు రక్తం లేదా?

డబ్బు లేదంటారు. స్ట్రిప్పులు చాలవంటారు. జిల్లా అంతా పొడవమని నేను అడగడం లేదు. పాత స్లయిడు రిజిస్టర్లు ఆసుపత్రి అటకల మీద చెదలు పడుతున్నాయి. ఏ వీధిలో ఏ ఏడాది ఎన్ని పాజిటివులో అందులో నా చేతిరాతతో సహా ఉంది. వాటిని దించి, దుమ్ము దులిపి, ఒకప్పుడు పురుగు ఉన్న వీధుల్లోనే ఇంటింటికీ పెద్దవాళ్ళను చూడండి. ఫలితం జిల్లా సగటుగా కాకుండా వీధి పేరుతో, పరీక్ష పేరుతో, రక్తం తీసిన వేళతో పంచాయతీ గోడ మీద అంటించండి.

ఆ చెరువు కాపలా మనిషి గురించి చెప్పాలి. సర్వే అయిన మూడో రోజు, నిద్ర పట్టక, మా వైద్యాధికారిని నోటిమాటగా అడిగి, రాత్రి పదకొండింటికి సైకిలు మీద ఆ గట్టుకెళ్ళాను. లాంతరు వెలుగులో నన్ను గుర్తుపట్టి, "పెద్దవాళ్ళకు లేదన్నారు కదండీ" అన్నాడు. జవాబు చెప్పలేదు. వేలు చూపించమన్నాను. మర్నాడు స్లయిడు మీద పదిహేడు లెక్కపెట్టాను. వంపు తిరిగిన ఒళ్ళు, చుట్టూ పలచని తొడుగు, తోక కొస ఖాళీ. మన రకం పురుగే, సందేహం లేదు. 20 మైక్రోలీటర్లలో పదిహేడంటే మిల్లీలీటరుకు ఎనిమిది వందల యాభై.

పన్నెండు రోజులు డీఈసీ వేయించాం. రోజూ నేనే వెళ్ళి ఎదురుగా మింగించాను. అతని ఫలితం రాద్దామంటే సర్వే ఫారంలో గడి లేదు. వయసు గడిలో ఆరు, ఏడు, రెండే అంకెలు అచ్చేసి ఉన్నాయి. విడిగా తెల్లకాగితం మీద రాసి పైకి పంపాను. ఆ ఏడాది మా యూనిట్ పాసైంది. పన్నెండో రోజు ఆఖరి మాత్ర మింగి, నీళ్ళ చెంబు పక్కన పెట్టి, అతనడిగాడు: "అవతలి గట్ల మీద మావాళ్ళు ఇంకో నలుగురున్నారండి. వాళ్ళనెప్పుడు చూస్తారు?"